మాక్రో మొరాయిస్తే



నెలాఖరు రోజులు. మండల సమాఖ్య ఆఫీసులోనో, పాలకేంద్రంలోనో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ జీతాల సెక్షన్లోనో కంప్యూటర్ ముందు కూచున్న మీరు రోజూ నొక్కే బటనే నొక్కారు. అర నిమిషంలో పట్టీ తయారుచేసి ఇచ్చే ఎక్సెల్ ఆ పూట ఇవ్వలేదు. తెర నడిమధ్య ఒక చిన్న పెట్టె వచ్చి నిలబడింది. అందులో రన్‌టైమ్ ఎర్రర్ అని, పక్కన ఒక అంకె, కింద రెండు ముక్కల ఇంగ్లీషు. ఇక చూడండి, ఆఫీసంతా మీ కుర్చీ చుట్టూ చేరుతుంది. వైరస్ పట్టిందని ఒకరంటారు. మిషన్ ఆపి మళ్ళీ వెయ్యమని ఇంకొకరంటారు. మీరేమో భయంతో ఎండ్ అన్న బటన్ నొక్కేస్తారు. పెట్టె మాయమవుతుంది. దాంతోపాటు అది చెప్పబోయిన మాట కూడా మాయమవుతుంది.

ఈవేళ చెప్పదలచుకున్నది ఆ పెట్టె గురించే. అది శత్రువు కాదు. మీ లెక్కలో ఏ గడి దగ్గర తేడా వచ్చిందో వేలు పెట్టి చూపించే మనిషి లాంటిది. నిజంగా భయపడవలసింది ఆ పెట్టె రాకుండా తప్పు లెక్క ఇచ్చే మాక్రోను చూసి. అది ఎట్లాగో తరువాత చెబుతాను.

మాక్రో అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. మనం చేత్తో చేసే పనులను వరుసగా రాసిపెట్టి, బటన్ నొక్కగానే మిషన్ తనంతట తాను చేసేలా పెట్టుకున్న ఏర్పాటు, అంతే. ఎక్సెల్ 1985లో మాకింటాష్ మిషన్ల మీద, 1987లో విండోస్ మీద వచ్చింది. ఈ వరుసలు రాసే వి.బి.ఎ. అనే భాష 1993లో దానికి జతపడింది. ఇప్పటికీ మన ఆఫీసుల్లో నడిచే మాక్రోలు ఆ భాషవే. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి అత్తగారు, 'అటక మీద మూడో డబ్బాలో పప్పుంది, రెండు గిద్దెలు తీసి కడిగి పొయ్యి మీద పెట్టు' అని చెప్పి పొలానికి పోయిందనుకోండి. డబ్బాలు చోటు మారనంతవరకు వంట సాగుతుంది. మూడో డబ్బాలో ఎవరైనా పప్పు తీసి చెనక్కాయలు పోసి ఉంటే మనిషైతే ఆలోచిస్తుంది. మాక్రోకు ఆ ఆలోచన లేదు. డబ్బా కనిపించకపోతే ఆగిపోతుంది. డబ్బా ఉండి లోపల వేరేది ఉంటే దాన్నే వండి పెడుతుంది.

పెట్టె వచ్చినప్పుడు మొట్టమొదట చెయ్యవలసింది ఏమీ నొక్కకుండా ఆ అంకెను, ఆ మాటలను కాగితం మీద రాసుకోవడం. ఫోన్ ఉంటే ఫొటో తీసుకోండి. తరువాత ఎండ్ కాదు, డీబగ్ అన్న బటన్ నొక్కండి. మాక్రో రాసిన పేజీ తెరుచుకుని, ఏ వాక్యం దగ్గర పని ఆగిందో ఆ వాక్యం మీద పసుపు రంగు కనిపిస్తుంది. ఇంగ్లీషు రాదని కంగారు పడకండి. ఆ వాక్యంలో షీటు పేరో, గడి పేరో, మొత్తం అన్న మాటో ఏదో ఒకటి మీకు తెలిసిందే ఉంటుంది. ఆ మాట మీద మౌస్ బాణం ఉంచితే, ఆ క్షణాన దానిలో ఏముందో పక్కన చిన్న అక్షరాల్లో చూపిస్తుంది. ఎన్నో వరుస దగ్గర ఆగిందో కూడా అట్లాగే తెలుసుకోవచ్చు. డీబగ్ బటన్ మసకగా ఉండి నొక్కుడుపడకపోతే, రాసినాయన ఆ పేజీకి తాళం వేసి పెట్టాడన్నమాట. అప్పుడు మీరు రాసుకున్న అంకె, ఆ మాటలు ఆయనకు చెబితే సగం పని అయినట్టే. 'అక్కడ ఏదో ఎర్రర్ వస్తోందండీ' అని ఫోన్ చేస్తే మాత్రం పాపం ఆయనకేం తెలుస్తుంది?

ఇంకొక మాట. మాక్రో మధ్యలో ఆగిందంటే అంతకు ముందు వరుసల పని అప్పటికే అయిపోయింది. నలభై సంఘాల కంతులు ఖాతాల్లో వేస్తూ ఇరవై మూడో దాని దగ్గర ఆగిందనుకోండి. మీరు ఎండ్ నొక్కి మళ్ళీ మొదటినుంచి నడిపితే మొదటి ఇరవై రెండు సంఘాలకు రెండేసి సార్లు కంతు పడే ప్రమాదముంది. మాక్రో చేసిన పనిని అన్‌డూ బటన్‌తో వెనక్కు తీసుకోలేరు కూడా. అందుకే ఏ మాక్రో నడిపే ముందైనా ఫైలుకు ఒక నకలు తీసి, తేదీ వేసి పక్కన పెట్టుకోండి. తప్పు ఒక్క గడిలోనే ఉందని తేలితే, పసుపు వాక్యం అట్లాగే ఉండగా షీటులోకి పోయి ఆ గడిని సరిచేసి, మాక్రో పేజీకి తిరిగివచ్చి ఎఫ్5 నొక్కండి. ఆగిన వాక్యం నుంచే పని మళ్ళీ మొదలవుతుంది.

ఇక అంకెల సంగతికి వద్దాం. మన జిల్లాలో అందరికీ అర్థమయ్యే దానితోనే మొదలుపెడతాను. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి గదా. అంతవరకు 66 మండలాలున్న మన చిత్తూరు జిల్లా ముక్కలైంది. శ్రీకాళహస్తి వైపు మండలాలు కొత్త తిరుపతి జిల్లాలోకి, పీలేరు, మదనపల్లె వైపువి అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. చిత్తూరు పేరుతో 31 మండలాలు మిగిలాయి. మండలానికొక షీటు పెట్టుకున్న పాత ఫైలును, '1 నుంచి 66 వరకు ఒక్కొక్క షీటూ తెరిచి మొత్తం తియ్యి' అని రాసిన పాత మాక్రోను తలుచుకోండి. విడిపోయిన మండలాల షీట్లు ఫైలులోంచి తీసేశాక అది 31 వరకు చక్కగా నడిచి, 32వ షీటును అడగగానే ఆగిపోతుంది. పెట్టెలో రన్‌టైమ్ ఎర్రర్ 9, సబ్‌స్క్రిప్ట్ అవుటాఫ్ రేంజ్ అని ఉంటుంది. ఆ ఇంగ్లీషుకు మన భాషలో అర్థం 'మీరు చెప్పిన డబ్బా ఇక్కడ లేదు' అని. మాక్రో పీలేరు షీటును పేరుపెట్టి అడిగి అది లేకపోయినా ఇదే అంకె. షీటు పేరు చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి పడినా ఇదే అంకె. తొమ్మిది వస్తే ముందు షీట్ల పేర్లు, ఫైలు పేరు చూసుకోండి. సాధారణంగా ఎవరో షీటు పేరు మార్చి ఉంటారు, లేదా తీసేసి ఉంటారు.

ఇక్కడే ఒక చిక్కుంది. అదే మాక్రోకు షీట్లను వరుస సంఖ్యతో అప్పజెప్పి ఉంటే, ఎవరో ఒక షీటును అటునుంచి ఇటు జరిపితే చాలు. ఐదో షీటు అంటే నిన్న పలమనేరు, ఈవేళ పుంగనూరు. పెట్టె రాదు, చప్పుడు కాదు. ఒక మండలం లెక్క ఇంకొక మండలం పేరు కింద కూచుంటుంది. కాబట్టి కొత్తగా రాయించేటప్పుడు షీట్లను వరుస సంఖ్యతో పిలవవద్దని చెప్పండి. పైన కనిపించే పేరు కాక, ప్రతి షీటుకు మాక్రో పేజీలో లోపలి పేరు ఒకటుంటుంది. దానితో పిలిస్తే పైపేరు మార్చినా, చోటు మార్చినా పని సాగుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా మనకు ఎదురయ్యేది 13, టైప్ మిస్‌మ్యాచ్. అంకె ఉండవలసిన చోట మాట ఉన్నదని దాని భావం. దీనికి కారణం మన చేతిరాత అలవాట్లలోనే ఉంది. రూపాయలు రాసి చివర ఒక గీత, ఒక అడ్డగీత పెట్టడం మనకు బళ్ళో నేర్పిన పద్ధతి. 1200/- అని. చెక్కు మీద, రసీదు మీద అది మంచి అలవాటే, పక్కన ఎవరూ సున్నా చేర్చకుండా కాపాడుతుంది. ఎక్సెల్ గడిలో అట్లా కొడితే మాత్రం అది అంకె కాదు, అక్షరాల కూర్పు. మాక్రో దాన్ని అంకెగా మార్చబోయి చేతకాక ఆగిపోతుంది. 'రూ. 500' అని కొట్టినా, కట్టనివారి గడిలో 'లేదు' అని రాసినా ఇంతే. ఆ గడిలో ఉత్త అంకె వేస్తే సరిపోతుంది. రూపాయి గుర్తు కావాలంటే గడి ఫార్మాట్‌లో పెట్టుకోవచ్చు. అది కంటికి కనిపించేది మాత్రమే, లోపల అంకె అంకెగానే ఉంటుంది.

ఈ పదమూడును పోగొట్టడానికి కొందరు చేసే చికిత్స జబ్బుకన్నా చెడ్డది. మాక్రో మొదట్లో ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అని ఒక వాక్యం చేరుస్తారు. తప్పు వచ్చినా పట్టించుకోక తరువాత వాక్యానికి పో అని దాని ఆజ్ఞ. ఇక పెట్టె రాదు. ఆకలికి ఏడ్చే బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టి, 'ఏడుపు మానింది చూడండి' అన్నట్టుంటుంది. లోపల ఏమవుతుందో కాస్త జాగ్రత్తగా వినండి. పదమూడో వరుసలో ఒక సభ్యురాలు 2,500 కట్టింది. మాక్రో ఆ 2,500ను చేతిలోకి తీసుకుని ఆమె ఖాతాలో వేసింది. పద్నాలుగో వరుసలో ఇంకొక ఆమె కట్టింది పన్నెండు వందలు, గడిలో 1200/- అని ఉంది. మాక్రో ఆ అంకె తీసుకోబోయింది, కుదరలేదు, నోరుమూసుకుని ముందుకు పొమ్మన్నారు గదా, పోయింది. కానీ దాని చేతిలో పాత 2,500 అట్లాగే ఉంది! దాన్నే రెండో ఆమె ఖాతాలో వేసేసింది. సంఘం మొత్తంలో 1,300 రూపాయలు ఎక్కువ తేలుతాయి. బ్యాంకు పుస్తకంతో లెక్క కలవదు. డబ్బు ఎవరో తిన్నారన్న మాట పుడుతుంది. సంఘం లెక్క రాసే మనిషి ఆ ఊరిమనిషే, రేపు అదే వీధిలో నడవాలి. 2000లో వెలుగు ప్రాజెక్టు మొదలైన ఆరు జిల్లాల్లో మనది ఒకటి. అప్పటినుంచి ఈ సంఘాలు నిలబడింది ఒకరి లెక్కమీద ఒకరికున్న నమ్మకంతోనే. ఒక్క వాక్యం ఆ నమ్మకానికి చిల్లు పెట్టగలదు.

ఆ వాక్యాన్ని అసలు వాడనే కూడదని నేననను. ఒక్క పనికోసం ఒక్క క్షణం పెట్టి వెంటనే తీసేసే సందర్భాలున్నాయి. మాక్రో నెత్తిన పెట్టి చివరిదాకా వదిలేయడమే తప్పు. దానికి బదులు, గడిలో ఉన్నది అంకేనా కాదా అని ఈజ్ న్యూమరిక్ అనే పరీక్షతో ముందే చూసి, కాకపోతే ఫలానా వరుసలో ఫలానా గడి సరిచెయ్యమని చెప్పి ఆగేలా రాయించుకోండి. వాల్ అనే ఇంకొక చిట్కా కూడా ప్రచారంలో ఉంది. అది 1200/-ను చక్కగా 1200 చేస్తుంది, నిజమే. కానీ ఎవరైనా కామాతో 1,200 అని మాటగా కొట్టి ఉంటే, వాల్ కామా దగ్గరే ఆగి ఒకటి అంటుంది. పన్నెండు వందలు కట్టిన ఆమెకు ఒక్క రూపాయి జమ! మాటలుగా పడ్డ అంకెలు రెంటిని కూడమంటే మాక్రో ఇంకో వింత చేస్తుంది. 1200, 300 కలిపి 1500 చెయ్యక, పక్కపక్కన అంటించి 1200300 అంటుంది. పన్నెండు లక్షల పైమాటైంది కాబట్టి కంటికి కనబడుతుంది. చిన్న అంకెలైతే దాటిపోతుంది.

తరువాతది 6, ఓవర్‌ఫ్లో. పాత్ర చిన్నదై పొర్లిపోయిందన్నమాట. మాక్రోలో ఇంటీజర్ అని పేరుపెట్టిన పాత్రలో 32,767 వరకే పడుతుంది. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తరువాత 1990ల మొదట్లో ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. పదిమంది సంఘానికి నెలకు మూడు వందలు. ఆ లెక్కకు ఈ పాత్ర బోలెడు. ఇప్పుడు సంఘాలు లక్షల్లో అప్పు తీసుకుంటున్నాయి, పాత్ర చాలదు. ఆ మూడు వందలనే పదేళ్ళకు, అంటే 120 నెలలకు హెచ్చవేయమని మాక్రోలో నేరుగా రాసినా ఆరో నంబరే వస్తుంది. జవాబు 36,000. జవాబు పోసే గిన్నె పెద్దదైనా సరే, హెచ్చవేత చిన్న పాత్రలోనే జరుగుతుంది మరి. ఇంటీజర్ అన్న చోటల్లా లాంగ్ అని మార్చితే 214 కోట్ల దాకా పడుతుంది. పైసలు కూడా ఉండే లెక్కకు కరెన్సీ అనే పాత్ర ఉంది.

తెలుగులో లెక్కలు రాసేవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది 91. మాక్రో ఒక పేరు కోసం వెదికి, దొరకకపోయినా దొరికిందనుకుని దాని పక్క గడిలోకి పోబోతుంది. అక్కడ ఆగిపోతుంది. ఉన్న పేరు ఎందుకు దొరకదంటారా? లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒకరు ఎక్స్ వేసి రాస్తారు, ఒకరు కె-ఎస్-హెచ్ అని రాస్తారు. అది అందరికీ తెలిసిందే. తెలియనిదేమిటంటే, అను ఫాంట్లతో కొట్టిన తెలుగు, ఫోనులో కొట్టే యూనికోడ్ తెలుగు మన కంటికి ఒకటే అయినా మిషన్‌కు ఒకటి కాదు. పాత ఫాంటులో లోపల ఉన్నది వేరే గుర్తులు, పైన తెలుగు తొడుగు మాత్రమే. ఒక షీటు అట్లా, ఒక షీటు ఇట్లా ఉంటే ఏ పేరూ కలవదు. పైగా మాక్రో రాసే పేజీకి తెలుగు చదవడం రాదు. అక్కడ తెలుగు అతికిస్తే వరసగా ప్రశ్నార్థకాలు పడతాయి. ముప్పై ఏళ్ళు దాటినా ఈ లోటు దిద్దలేదు, నాకైతే ఇది న్యాయంగా తోచదు. చెయ్యగలిగింది ఇదీ: తెలుగు పేర్లను మాక్రోలో రాయకుండా షీటులోనే ఒక మూల గడుల్లో రాసిపెట్టి, ఆ గడిలో ఏముందో చూసి వెదకమని మాక్రోకు చెప్పాలి. అంతకన్నా మేలు, ప్రతి సభ్యురాలికి ఒక నంబరు ఇచ్చి ఆ నంబరుతోనే వెదకడం.

1004 అని ఒకటుంది. ఎక్సెల్‌కు కుదరని పనులన్నిటికీ కలిపి పెట్టిన పేరు అది. షీటుకు తాళం వేసి ఉన్నా రావచ్చు, తెరవమన్న ఫైలు అక్కడ లేకపోయినా రావచ్చు. షీటుకు 04/05/2024 అని తేదీతో పేరు పెట్టబోయినా వస్తుంది. షీటు పేరులో ఆ అడ్డగీతలు పనికిరావు, పేరు 31 అక్షరాలు మించకూడదు కూడా.

తేదీ మాట వచ్చింది గనుక, పెట్టె రాకుండా ముంచే వాటిలో పెద్దదాన్ని చెబుతాను. బ్యాంకు నుంచి వచ్చిన సి.ఎస్.వి. ఫైలును మీరు చేత్తో తెరిస్తే, మన దేశపు పద్ధతికి పెట్టుకున్న మిషన్ తేదీలను సరిగ్గా చదువుతుంది. అదే ఫైలును మాక్రో తెరిస్తే, ప్రత్యేకంగా చెప్పకపోతే అమెరికా పద్ధతిలో చదువుతుంది. వాళ్ళకు నెల ముందు, రోజు తరువాత. 07/03 అంటే మనకు మార్చి 7, వాళ్ళకు జులై 3. మార్చి 7న వేళకు కట్టిన కంతు నాలుగు నెలలు ఆలస్యంగా కట్టినట్టు తేలుతుంది. వడ్డీ రాయితీ ఇచ్చేది వేళకు కట్టిన సంఘాలకు గదా. చేతిలో రసీదు ఉండి కూడా పది మంది ఆడవాళ్లు జాబితాలో పేరు లేక వెనక్కు రావలసి వస్తుంది. 25/03 లాంటి తేదీలైతే ఇరవై ఐదో నెల లేదు కాబట్టి మాటగా మిగిలిపోయి ఎప్పుడో పదమూడో నంబరు తెప్పిస్తాయి. చిక్కంతా నెలలో మొదటి పన్నెండు రోజులతోనే. మాక్రోలో ఫైలు తెరిచే వాక్యం చివర లోకల్ అన్న మాట చేర్చి ట్రూ అని పెట్టిస్తే మన పద్ధతికి వస్తుంది. మీ వంతుగా పన్నెండో తేదీ లోపలి కంతులు నాలుగు తీసి రసీదులతో సరిచూడండి.

ఈ చప్పుడు లేని తప్పులు పెద్ద దేశాలకూ తప్పలేదు. 2020లో ఇంగ్లండులో కరోనా పరీక్షల ఫలితాలను పాత రకం ఎక్సెల్ ఫైళ్ళలోకి ఎక్కించేవారు. ఆ రకం షీటులో 65,536 వరుసలే పడతాయి. 2007 నుంచి వచ్చిన కొత్త రకంలోనైతే 10,48,576. వరుసలు నిండిపోయాక మిగిలినవి లోపలికి రాలేదు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 మంది రోగుల లెక్క ఆ రోజుల ప్రకటనల్లో చేరలేదు. వాళ్ళను కలిసినవారిని హెచ్చరించడం ఆలస్యమైంది. అక్కడ ఒక ఎర్రర్ పెట్టె వచ్చి పని ఆగి ఉంటే ఎంత బాగుండేదో ఆలోచించండి.

కాబట్టి మీ ఫైలులో పైన రెండు గడులు కేటాయించుకోండి. ఒకదాంట్లో వచ్చిన రసీదులెన్ని, వాటి మొత్తమెంత అని చేత్తో వెయ్యండి. రెండోదాంట్లో మాక్రో తాను ఎక్కించినవెన్ని, మొత్తమెంత అని రాసేలా పెట్టించండి. రెండూ కలిస్తేనే పట్టీ అచ్చుకు పంపండి.

చివరగా ఒక చిన్న సంగతి. పని త్వరగా అవ్వాలని చాలా మాక్రోలు మొదట్లో ఎక్సెల్ తనంతట తాను లెక్క కట్టడాన్ని ఆపి, పని అయ్యాక మళ్ళీ మొదలుపెడతాయి. మధ్యలో ఎర్రర్ వచ్చి మీరు ఎండ్ నొక్కితే ఆ మళ్ళీ మొదలుపెట్టే వాక్యం దాకా పని పోనేపోదు. ఆపైన మీరు ఏ గడి మార్చినా కింద మొత్తం కదలదు, పాత అంకే నిలిచి ఉంటుంది. అట్లా కనిపిస్తే ఫార్ములాస్ పట్టీలో కాలిక్యులేషన్ ఆప్షన్స్ అన్న చోట మాన్యువల్ నుంచి ఆటోమేటిక్‌కు మార్చి, మొత్తాలు మళ్ళీ ఒకసారి చూసుకుని ఆ తరువాతే ఫైలు సేవ్ చెయ్యండి.